పాపాయమ్మ చెయ్యి

ఆదివారం తెల్లవారేలోగా కావలసిన పనులు ఇవి. గుల్లసున్నం నానబెట్టాలి. అందులోకి నీలిమందు, తుమ్మబంక తేవాలి. పోయినేటి కొబ్బరిపీచు కుంచెలు ఎవరింట్లో ఉండిపోయాయో వెతకాలి. బంతిపూలకు ఏలూరులో చెప్పి రావాలి. కొవ్వొత్తులు తేవాలి, అవి గాలికి ఆరిపోకుండా కాగితపు గొట్టాలు చుట్టాలి. మైకు, మడతకుర్చీలు, ఎమ్మెల్యేగారికి శాలువా చూడాలి. అవతలి దిబ్బకు మనుషుల్ని దాటించడానికి మూడు దోనెలు మాట్లాడాలి. అన్నింటికంటే ముందు, ఎమ్మెల్యేగారి చేతికి అర్జీ అందాలి.

పనులన్నీ ప్రసన్నలక్ష్మి నెత్తినే పడ్డాయి. మూలలంక పేటలో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. ఊరి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటు. ఎవరికి ఏం రాయాలన్నా, ఎవరికి ఫోన్ చెయ్యాలన్నా "ప్రసన్నని పిలవండి" అంటారు. ఆమె కూడా కాదనదు. చదివించింది ఇందుకే కదా అనుకుంటుంది.

పేటవాళ్ళ సమాధుల తోట ఊరికి తూర్పున కొల్లేట్లోకి చొచ్చుకుపోయిన మెరక దిబ్బ మీద ఉంటుంది. అక్కడికి రెండు చేపలచెరువుల మధ్యనుంచి ఒక గట్టు ఉండేది. ఈస్టరు నాడు చీకటితోనే పాటలు పాడుకుంటూ ఆ గట్టు మీద నడిచి వెళ్ళి, ముందురోజు సున్నం కొట్టిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి, పొద్దు పొడిచేదాకా ప్రార్థన చెయ్యడం వాళ్ళ తాతలనాటి ఆనవాయితీ. పోయిన కార్తీకంలో పొక్లెయిన్ తెచ్చి ఆ గట్టు తవ్వేసి రెండు చెరువుల్నీ ఒకటి చేశారు. చెరువు ఎవరిదని అడిగితే తలా ఒక పేరు చెబుతారు. ఆ పేర్లన్నీ ఎమ్మెల్యేగారి ఫ్లెక్సీల్లో అడుగువరసన ఫొటోలతో సహా కనిపిస్తాయి. పేటవాళ్ళు తామే మట్టి పోసుకుంటామని అటవీశాఖ ఆఫీసుకు వెళితే, "ఇది పక్షుల అభయారణ్యం పరిధి అమ్మా, తట్టెడు మట్టి వేసినా కేసవుతుంది" అన్నారు. తవ్వినప్పుడు కాని కేసు పూడ్చితే ఎలా అవుతుందో ప్రసన్నకు ఇప్పటికీ అర్థం కాలేదు.

గట్టు తెగాక దోనెలో దాటించిన మొదటి పెట్టె ఆమె తండ్రిదే. మధ్యలో దోనె ఒరిగి పెట్టెలోకి నీళ్ళు పోయాయి. తల్లి పుష్పమ్మ పెట్టెను రెండు చేతులా కౌగిలించుకుని అవతలి ఒడ్డుదాకా అలాగే కూర్చుంది.

బుధవారం పొద్దున్నే ప్రసన్న, గట్టు మళ్ళీ వేయించమనే అర్జీ పట్టుకుని పాస్టరు అయ్యగారింటికి వెళ్ళింది. ఆయన అప్పుడే ముఖం కడుక్కుని వస్తున్నారు.

"అయ్యగారూ, సంఘం ముద్ర ఒకసారి ఇస్తారాండీ?"

"అర్జీకి సంతకాలు చాలవా అమ్మా? ముద్ర ఎందుకు?"

"ఎమ్మెల్యేగారు విశ్వాసి కదండీ. సంఘం ముద్ర చూస్తే మనవాళ్ళే అనుకుంటారు. వెంటనే చేస్తారు."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ కాసేపు ఆలోచించి, బీరువాలోంచి ముద్ర, సిరాదిమ్మ తెచ్చి ఇచ్చారు. ప్రసన్న అర్జీ అడుగున గుండ్రంగా, వంకర పోకుండా ముద్ర నొక్కింది. పైన తన అక్షరాలతో "మూలలంక క్రైస్తవ సంఘ సభ్యులమైన మేము" అని ఉంది. కింద మొదటి సంతకం తనది. సిరా ఆరేదాకా ఊదుతూ నిలబడింది. మంచి పని చేశాననే అనుకుంది.

*

వట్లూరులో ఎమ్మెల్యే గంగాధరరావుగారి క్యాంపు ఆఫీసు హాల్లో గోడకు పెద్ద సిలువ, దానికింద ఆయన మోకాళ్ళ మీద ఉన్న ఫొటో. ఆయన పుట్టింది మరో మతంలో. పెద్ద జబ్బు చేసి బతికి బయటపడ్డాక మారానని ప్రతి సభలోనూ చెబుతారు. పీఏ చరణ్‌తేజ ప్రసన్నకంటే చిన్నవాడే. మాట మాత్రం మెత్తగా, పెద్దవాళ్ళ మాటలా ఉంటుంది.

"ప్రైజ్ ద లార్డండీ మేడమ్. కూర్చోండి. సార్ గూడెంలో ఉన్నారండి, సువార్త సభలు కదా." అర్జీ తీసుకుని ఆసాంతం చదివి, ముద్ర దగ్గర ఆగాడు. తన ఫోనుతో ఒక ఫొటో తీసి కాగితం తిరిగి ఇచ్చేశాడు. "సార్ చేతికే ఇవ్వండి. రేపు సాయంత్రం సభకి రండి. వచ్చేటప్పుడు పాపాయమ్మగారిని కూడా తీసుకురాగలరా? సార్ చాలా సంతోషిస్తారు."

పాపాయమ్మ ప్రసన్న తండ్రికి పినతల్లి. ఎన్నికలప్పుడు గంగాధరరావుగారు పేటలోకి వచ్చి ఆమె నులకమంచం మీద కూర్చుని తల వంచితే, ఆమె ఆయన నెత్తిన చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది. ఆ ఫొటో అప్పట్లో అందరి ఫోన్లలోనూ తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం మామ్మా మనవరాలూ గూడెం బస్సెక్కారు. పాపాయమ్మ ఒళ్ళో స్టీలు డబ్బా ఉంది.

"ఏవిటి మామ్మా అది?"

"రొయ్యపొడే. ఆయన భార్యకి. ఆ వేళ మనింట్లో తిని బాగుందన్నాడుగా."

"ఎమ్మెల్యేగారి ఇంట్లో రొయ్యలకి కరువా?"

"రొయ్యలుంటాయి. పొడి చేసే తీరిక ఎవరికుంటుంది?" అని డబ్బా మూత మరోసారి నొక్కి చూసుకుంది.

సభ మైదానం నిండిపోయింది. గంగాధరరావుగారు తెల్లటి బట్టల్లో మైకు ముందుకు వచ్చారు. ఆయన గొంతులో ఏదో ఉంది. చిన్నగా మొదలుపెట్టి మనిషిని దగ్గరకు లాక్కుంటుంది.

"కొల్లేట్లో ఒక పేదతల్లి ఉందండి. పాపాయమ్మ. గట్టిగా గాలొస్తే ఎగిరిపోయే కప్పు కింద ఉంటుంది. నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి గరుకు నాకు ఇప్పటికీ ఇక్కడ తెలుస్తోంది." మాడు తాకి చూపించారు. "నన్ను గెలిపించింది డబ్బు కాదండి, పార్టీ కాదు. ఆ చెయ్యి. మీరు ఇంటికెళ్ళాక నన్ను మర్చిపోండి. ఆ పాపాయమ్మను మాత్రం గుర్తుంచుకోండి."

పక్కనున్న ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. పాపాయమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆయన గొంతు పెరిగింది. "దళితుడు క్రైస్తవుడైతే అతని అంటరానితనం పోయిందా? నీళ్ళ దగ్గర పోయిందా? శ్మశానం దగ్గర పోయిందా? పోలేదు! మరి అతని హక్కు ఎందుకు పోవాలండి? కాగితం మీద ఒక పేరు, గుండెలో ఒక పేరు పెట్టుకుని మా బిడ్డలు ఎంతకాలం బతకాలి? నేను ఊరుకోను!"

ప్రసన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కాలేజీలో చేరినప్పటినుంచి తను ఎవరికీ చెప్పుకోని మాటను ఒక ఎమ్మెల్యే మైకులో అన్నాడు. సంచిలో అర్జీ ఉందో లేదో తడిమి చూసుకుంది.

వేదిక వెనక షామియానాలో చరణ్‌తేజ ఎదురొచ్చాడు. పాపాయమ్మను మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టి, డబ్బా అందుకుని, ప్రసన్నను రెండడుగులు పక్కకు తీసుకెళ్ళాడు.

"మేడమ్, తప్పుగా అనుకోకండి. మీ ఉద్యోగం ఏ కోటాలోనండి?"

"ఎస్సీ అండి."

"సర్టిఫికెట్లో హిందూ అనే ఉంటుంది కదండీ. క్రైస్తవులైతే ఎస్సీ కోటా పోయి బీసీ-సీలోకి వెళ్తారు. మీరేమో అర్జీలో క్రైస్తవ సంఘ సభ్యులం అని రాసి, ముద్ర కూడా వేశారు. మొదటి సంతకం మీదే. ఉద్యోగస్తులు, చదువుకునే పిల్లల తల్లిదండ్రులు, అందరూ వరసగా పెట్టేశారు. ఇది ఆఫీసు ఇన్‌వర్డ్ రిజిస్టరులోకి ఎక్కిందనుకోండి, గిట్టనివాళ్ళు నకలు తీయించి కలెక్టరుగారికి పెడితే? నేను మీ మంచికే చెబుతున్నానండి."

అతని ఫోనులో ఆ ఫొటో ఉందన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇంతలో గంగాధరరావుగారు చెమట తుడుచుకుంటూ వచ్చారు. పాపాయమ్మ ముందు వంగి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఫొటోలకు నిలబడి, ప్రసన్న వైపు తిరిగారు. పేరు పెట్టి పిలిచారు. తండ్రి పోయిన సంగతి కూడా గుర్తుంది.

"ప్రసన్నా, అబ్బాయి చెప్పాడా అమ్మా? ఆ కాగితం నీకే చేటు. వద్దు."

"సార్, ఇందాక మీరు సభలో..."

"సభలో అన్నది నా మనసులో మాటేనమ్మా. చట్టం మారేదాకా మాత్రం జాగ్రత్తగా ఉండాలి కదా."

"పోనీ ఎస్సీపేట వాసులం అని మార్చి రాసిస్తానండి."

ఆయన చరణ్‌తేజ వైపు చూశారు. చరణ్‌తేజ గొంతు సవరించుకున్నాడు. "ఎస్సీ శ్మశానం కాలవగట్టున రికార్డులో ఉందండి మేడమ్. ఒకటి ఉండగా ఇంకోదానికి దారి ఎలా అడుగుతారు?"

"అది రోడ్డులో కలిసిపోయిందండి. అక్కడిప్పుడు లారీలు ఆగుతున్నాయి."

"రికార్డులో ఉంది కదండీ."

"మరి మేము ఎవరిమని రాయాలండీ?"

గట్టిగానే అడిగింది. కుర్చీలు సర్దేవాళ్ళు తిరిగి చూశారు. గంగాధరరావుగారు నొచ్చుకోలేదు. ఆమె దగ్గరకు వచ్చి, తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఈ బిడ్డ ఉద్యోగాన్నీ కుటుంబాన్నీ కాపాడమని ప్రార్థన చేశారు. కళ్ళు తెరిచినప్పుడు ఆయన రెప్పలు నిజంగానే తడిగా ఉన్నాయి. ప్రసన్నకు మండిపోయింది ఆ తడి చూసే. దొంగవేషమైతే తిట్టుకుని పోవచ్చు. ఇతన్ని ఏమని తిట్టుకోవాలి?

"ఆదివారం తెల్లవారకుండానే వస్తానమ్మా," అన్నారు. "సమాధుల దగ్గర పాపాయమ్మ తల్లితో మళ్ళీ ప్రార్థన చేయించుకుంటాను."

ప్రసన్న అర్జీని మడిచి సంచిలో పెట్టుకుంది.

*

బస్సు భీమడోలు దాటేదాకా పాపాయమ్మ హుషారుగానే ఉంది. "నా పేరు చెప్పాడే మైకులో! అంతమంది ముందు! మీ తాత ఉంటే నమ్మేవాడు కాదు." ఆ తర్వాత మనవరాలి ముఖం చూసి తగ్గింది. "కాగితం ఇచ్చావా?"

"లేదు మామ్మా."

గుండుగొలనులో దిగి ఆటో కోసం నిలబడ్డప్పుడు జరిగిందంతా చెప్పింది. హైవే మీద లారీలు పోతూ ఉన్నాయి. ఒక్కో మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. కోటా, సర్టిఫికెట్ సంగతులు పాపాయమ్మకు కొత్తవి కావు. బళ్ళో పేరు ఒకలా, గుళ్ళో పేరు ఒకలా ఉన్న పిల్లల్ని ఆమె పేటంతా చూసింది. అంతా విని, "అయితే మనం ఎవరిమంట?" అంది.

"నేనూ అదే అడిగాను."

"ఏమన్నాడు?"

"ప్రార్థన చేశాడు."

పాపాయమ్మ ఫక్కున నవ్వింది. నవ్వి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆటో ఎక్కాక అంది: "నేను ఆయన గెలవాలని ప్రార్థన చెయ్యలేదే. గెలిచినా ఓడినా మా గుమ్మం మరవకుండా చూడు ప్రభువా అన్నాను. చెయ్యి గుర్తుపెట్టుకున్నాడు, మాట వదిలేశాడు."

శుక్రవారం, గుడ్‌ఫ్రైడే నాడు, పేటంతా తెల్లబట్టలు కట్టుకుని ఉపవాసం ఉంది. ప్రసన్న గుడిలో వెనకవరసలో కూర్చుని అయ్యగారు చెప్పింది ఒక్క ముక్క వినలేదు. సంతకాలు పెట్టినవాళ్ళ వీపులు ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంది. తను చెబితే పెట్టారు వాళ్ళు. చదువుకున్న పిల్ల చెప్పిందని పెట్టారు. తన ఉద్యోగం సంగతి అలా ఉంచి, ముందువరసలో పాలిటెక్నిక్ చదివే పిల్లాడి తండ్రి ఉన్నాడు. వాడి స్కాలర్‌షిప్పు ఏమవుతుంది?

శనివారం సున్నం పని. తూముల దగ్గర గుర్రపుడెక్క తొలగించి దోనెలకు దారి చేశారు. సున్నపు కుండ దోనెలో పెడితే ఒలికిపోతుందని పుష్పమ్మ దాన్ని కాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చుంది. నీళ్ళలో చేపలకు గాలి అందించే ఏరేటర్లు చక్రాల్లా తిరుగుతూ నురగ కొడుతున్నాయి. గూడబాతులు గుంపుగా దూరంగా తేలుతున్నాయి. ఒకప్పుడు నడిచిన గట్టు మొదలు ఇటు కొంచెం, అటు కొంచెం మొండిగా నిలబడి ఉంది.

తండ్రి సమాధికి ఇంకా సిమెంటు చెయ్యలేదు. మట్టి పేర్పు చుట్టూ ఒక వరస ఇటుకలు. పుష్పమ్మ వాటికే సున్నం కొట్టింది. కుంచెను కుండ అంచుకు రెండుసార్లు రాసి, కారకుండా, ఇటుక తర్వాత ఇటుక. సందుల్లోకి కుంచె పోకపోతే వేలు ముంచి రాసింది.

"అమ్మా, చేతులు పాడైపోతాయి, ఇలా ఇవ్వు."

"పాడైతే ఏమైంది." పుష్పమ్మ తలెత్తకుండానే అంది, "మామ్మ చెప్పింది. ఆ కాగితం చింపెయ్యవే అమ్మడూ. మీ నాన్న దోనెలో వచ్చాడు, నేనూ దోనెలోనే వస్తాను. నీ జీతం మీదే కదా తమ్ముడి చదువు."

"నీ పెట్టె కూడా తడవాలా?"

"తడిస్తే నాకు తెలుస్తుందా?"

"నాకు తెలుస్తుందిగా!"

పుష్పమ్మ కుంచె ఆగి మళ్ళీ కదిలింది. ప్రసన్న ఇంకో కుంచె తీసుకుని పక్క సమాధి దగ్గర కూలబడింది. కోపానికి కుంచె సరిగ్గా సాగక సున్నం మోచేతి దాకా కారింది.

*

ఆదివారం చీకటితో పేటంతా తెగిన గట్టు దగ్గర చేరింది. మైకు పని చేస్తోంది. బంతిపూలు వచ్చాయి. కాగితపు గొట్టాల్లో కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. తను పూనుకున్న పనులన్నీ, ఒక్కటి తప్ప, అయ్యాయని ప్రసన్న చూసుకుంది. ఆ ఒక్కటీ మడతపడి ఆమె సంచిలో ఉంది.

కార్లు వచ్చాయి. గంగాధరరావుగారు దిగి, చెప్పులు కారు దగ్గరే వదిలేసి, ఉత్త కాళ్ళతో గట్టు మీదకు వచ్చారు. శాలువా వేయించుకున్నారు. క్లుప్తంగా, బాగా మాట్లాడారు. మరణాన్ని గెలిచిన పూట ఇది, ఈ పూట మనకు ఏ అడ్డూ లేదు అన్నారు. ఆయన వెనక నిలువెత్తు మనిషి మునిగేంత నీళ్ళు నిశ్శబ్దంగా ఉన్నాయి.

"రా తల్లీ," అని పాపాయమ్మను పిలిచారు. "ఇక్కడ ఒకసారి ప్రార్థన చేసుకుని దోనెలెక్కుదాం." కెమెరాలు ముందుకు జరిగాయి. ఆయన ఆమె ముందు, తడిమట్టిలో, రెండు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచారు.

పాపాయమ్మ చెయ్యి లేచింది. నెత్తికి జానెడు దూరందాకా వెళ్ళి ఆగింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రసన్న మూసుకోలేదు.

చెయ్యి వెనక్కి వచ్చింది.

"ఇక్కడ కాదు నాయనా," అంది పాపాయమ్మ. "మా ఆయన సమాధి దగ్గర పెడతాను. నడిచి రా."

గంగాధరరావుగారు తల వంచే ఉన్నారు. "దోనెలున్నాయి కదా తల్లీ. అక్కడికే వెళ్దాం."

"దోనెలో కాదు బాబూ. నడిచి. నువ్వు నడిచొచ్చిన నాడు పెడతాను. నేను పోయానా, మా పేటలో ఎవరో ఒకరు పెడతారు. నడిచి రావాలి మరి."

తిట్టలేదు, ఎత్తిపొడవలేదు. భోజనానికి మళ్ళీ రమ్మన్నంత మామూలుగా అంది. అని, ఆ చేతిని కొంగులో చుట్టుకుంది.

ఆయన మోకాళ్ళ మీద అలాగే ఉన్నారు. చెయ్యి పడుతుందేమోనని చూస్తున్నారో, లేవడానికి మాట వెతుక్కుంటున్నారో తెలియదు. పేటవాళ్ళు కళ్ళు తెరిచారు. ఎవరూ పాట అందుకోలేదు. అయ్యగారు కూడా అందుకోలేదు. వంచిన ఆ తలమీద ఏమీ లేదు. కెమెరా పట్టుకున్న కుర్రాడు దించాలా వద్దా తెలియక చరణ్‌తేజ వైపు చూశాడు.

ప్రసన్న సంచిలోంచి అర్జీ తీసింది. కింద సంతకాలు పెట్టినవాళ్ళ భాగాన్ని నిన్న సాయంత్రమే మడత మీద జాగ్రత్తగా చింపి పొయ్యిలో వేసింది. చరణ్‌తేజ ఫోనులో ఫొటో ఉంటే ఉండనీ, ఆఫీసులో ఇచ్చే కాగితం మీద వాళ్ళ పేర్లు ఉండకూడదనుకుంది. పై భాగంలో సంఘం పేరు, తన సంతకం మిగిలాయి. ముద్ర కింది భాగంతో పోయింది. ఇంట్లోంచి బయల్దేరగానే అయ్యగారి దగ్గరకు వెళ్ళి మళ్ళీ అడిగితే, ఆయన ఈసారి ఎందుకని అడక్కుండా తనే నొక్కారు. పాపాయమ్మ అడిగి మరీ పక్కన వేలిముద్ర వేసింది.

చరణ్‌తేజ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "మేడమ్, ఆలోచించుకున్నారా అండి?"

"సంతకం నాదేనండి. రసీదు ఇప్పించండి."

పుష్పమ్మ కూతురి వైపు చూసింది. సున్నానికి పొక్కిన వేళ్ళతో ఆమె జబ్బ పట్టుకుంది.

గంగాధరరావుగారు లేచి, మోకాళ్ళకంటిన మట్టి దులుపుకోకుండానే అర్జీ అందుకున్నారు. ఇంకో కార్యక్రమానికి వేళైందని చరణ్‌తేజ చెప్పాడు. ఆయన దోనె ఎక్కలేదు. కార్లు వెళ్ళిపోయాక పేటవాళ్ళు దోనెల్లో దాటి కొవ్వొత్తులు వెలిగించారు. అప్పటికి బాగా తెల్లారిపోయింది. వెలుతుర్లో మంటలు కనబడలేదు.

గట్టు ఇంకా వెయ్యలేదు. రసీదూ రాలేదు. ప్రసన్న రోజూ సచివాలయానికి వెళుతూనే ఉంది. గుమ్మంలో టపా వచ్చిన చప్పుడైతే చాలు, తన ఉద్యోగం మీద నోటీసేమోనని ఆమె చేతిలో పని ఆగుతుంది. ఎమ్మెల్యేగారు మొన్న ఏలూరు సభలో కూడా పాపాయమ్మ సంగతి చెప్పారు. గరుకు చెయ్యి, నెత్తిమీద ప్రార్థన, అంతా అలాగే చెప్పారు. జనం కళ్ళొత్తుకున్నారు.

మీ ఊళ్ళో కూడా ఆయన ఎప్పుడైనా ఆ కథ చెప్పవచ్చు. ఆ తల్లిని గుర్తుంచుకోమని మిమ్మల్నీ అడుగుతారు. గుర్తుంచుకోండి. ఆమె ఆయన నెత్తిన చెయ్యి పెట్టిన రోజును మాత్రమే కాదు, తెగిన గట్టు మీద ఆ చేతిని వెనక్కి తీసుకుని కొంగులో దాచుకున్న పాపాయమ్మను కూడా గుర్తుంచుకోండి.